పిండర్ల బందెలదొడ్డి

హాథర్‌బెక్ నుంచి స్కిప్టన్ వెళ్ళే బస్సు ఊరి పొలిమేర దగ్గర నత్తలా నడిచేది. అక్కడ ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. రోడ్డు పక్కన గుండ్రంగా కట్టిన రాతిగోడ ఒకటి సగం కూలిపోయి, లోపలంతా దురదగొండి మొక్కలతో నిండి ఉండేది. అది కనబడగానే డ్రైవరు సీట్లో ఉన్న మా విల్ఫ్ తాత గొంతు సవరించుకునేవాడు.

"ఎడం వైపు చూడండి. ఊరి బందెలదొడ్డి. తప్పిపోయిన గొడ్డునల్లా పట్టుకొచ్చి ఇందులో పెట్టేవాళ్ళు. సొంతదారు వచ్చి, అందరి ముందూ గుర్తులు చెప్పి, ఇది నాది అంటేనే తలుపు తీసేది. ఏడాది మీద ఒక రోజు గడిచినా ఎవరూ రాకపోతే అది ఊరిదైపోతుంది. ఆ దొడ్డి కాసేవాణ్ణి పిండర్ అంటారు. నేను విల్‌ఫ్రెడ్ పిండర్‌ని. ఇంక మీకు వేరే చెప్పాలా?"

"అక్కర్లేదు విల్ఫ్. నిన్న చెప్పావు, మొన్నా చెప్పావు. ముందు రోడ్డు చూడు" అని వెనక సీట్లోంచి ఏ కూరగాయల బుట్టావిడో అరిచేది. తాత వినిపించుకునేవాడు కాదు. బస్సులో కొత్తమొహం ఒక్కటి కనబడినా చాలు, కథ మళ్ళీ మొదలు. పిండర్లు కాపలా ఉన్న రోజుల్లో ఒక్క దూడ కూడా ఊరి పైరు ముట్టలేదట. మదమెక్కిన ఎద్దుని ముక్కు పట్టుకుని నడిపించుకొచ్చిన ముత్తాత ఒకడున్నాడట. ఆ ముత్తాత పేరేమిటని అడిగితే మాత్రం బస్సుకి ఎక్కడలేని తొందరా పుట్టుకొచ్చేది.

అంతటి ముత్తాత రక్తం ఒంట్లో పారుతున్న మనిషి బాతుని చూస్తే వణికిపోయేవాడు. ఒకసారి గొర్రెల మంద రోడ్డుకి అడ్డంగా పడుకుంటే, ఆయన సీట్లోంచి కదలకుండా హారన్ మోగిస్తూ కూర్చున్నాడు. చివరికి ప్రార్థనకి బయల్దేరిన పాస్టరు గారి భార్య పూల టోపీతో సహా దిగి మందని అదిలించింది. "డ్రైవరు బండి వదిలి దిగకూడదు, రూలు" అని తాత చెప్పుకున్నాడు. ఎడమ చెవి అంచున ఆయనకి చిన్న గాటు ఉండేది. అది యుద్ధంలో తగిలిందనీ చెప్పుకున్నాడు. యుద్ధమంతా ఆయన ఈ దేశం దాటకుండా పటాలానికి బంగాళాదుంపల లారీ నడిపాడని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఆయన చెబుతుంటే వినడానికి బావుండేది.

ఆయన్ని ఊరికే వదలని మనిషి ఒకడుండేవాడు, క్లిఫర్డ్ థాక్రే. గొర్రెల రైతు, గోడలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు, చిన్నప్పట్నుంచీ స్నేహితుడు. సాయంత్రం బీరు గ్లాసు ముందు కూర్చున్నాడంటే తాత ముక్కు దగ్గర్నుంచి ఆయన పెంచే ఉల్లికాడల దాకా దేన్నీ విడిచిపెట్టేవాడు కాదు.

"నీ ఉల్లికాడలు చూశాన్రా విల్ఫ్. మా ఆవిడ అల్లిక సూదులనుకుంది."

"నీ పొట్టేలు చూశాన్రా. మీ ఆవిడ నువ్వే అనుకుంది."

ఇలాగే సాగేది. కాని తాత ఇంటిపేరు గొప్ప ఎత్తుకున్నప్పుడు మాత్రం క్లిఫర్డ్ పైపు ముట్టించుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. పిండర్ల పేరంటే ఆమాత్రం భయం ఉండాల్సిందేనని తాత లోలోపల మురిసిపోయేవాడు.

తాత ఉద్యోగం మానేసిన మరుసటి ఏడు, ఊరి సంఘం వాళ్ళు బందెలదొడ్డిని మళ్ళీ నిలబెడదామనుకున్నారు. గోడ క్లిఫర్డ్ కడతానన్నాడు. వేసవి జాతరలో దొడ్డి తెరవాలి, ఊరి పిండర్‌గా ఎవరికో ఒకరికి తాళంచెవి ఇవ్వాలి, ఆ మనిషి ఊరంతా చూస్తుండగా ఒక గొడ్డుని లోపల పెట్టాలి. అది పాత ఆచారం. ఎవరికివ్వాలా అని ఎవరూ ఆలోచించనే లేదు. పిండర్ ఉండగా ఇంకొకరెందుకు?

తాళంచెవి అరచెయ్యంత ఉంది. అది తనకే అని తెలిసిన రోజు నుంచి తాత నేలమీద నడవలేదు. కొత్త టై కొన్నాడు. పొద్దున్నే టీ కెటిల్ ఎదుట నిలబడి ఉపన్యాసం సాధన చేశాడు. "హాథర్‌బెక్ ప్రజలారా, నా రక్తంలో..." అనగానే కెటిల్ ఈల వేసేది.

"రక్తం సంగతి తర్వాత. పొట్టేలు సంగతేమిటి?" అంది మేవిస్ నానమ్మ, ఇస్త్రీపెట్టె మీంచి తల ఎత్తకుండా. "లోపల పెట్టేది క్లిఫర్డ్ వాళ్ళ మేజర్‌నట. కొమ్ములు చూశావా?"

"పిండర్ని చూస్తే గొడ్డుకి తెలుస్తుందే. అది వాసన పట్టేస్తుంది."

"నీ భయం వాసనా?"

ఉపన్యాసంలో ఒక్కటే లోటు. ఆ ముత్తాతకి ఒక పేరు కావాలి. దానికోసం తాత అల్లం కేకు పట్టుకుని వృద్ధాశ్రమంలో ఉన్న హెటీ అత్త దగ్గరికి వెళ్ళాడు. తండ్రికి చెల్లెలు, తొంభై దాటింది, కళ్ళు మసకబారాయి కాని నాలుక మసకబారలేదు.

"ఎవర్రా, విల్ఫేనా? కేకు తెచ్చావా? మంచివాడివి. ఇక్కడ పెట్టేది కేకు కాదు, తడి ఇటుక."

"అత్తా, మనవాళ్ళలో బందెలదొడ్డి కాసిన పెద్దాయన ఎవరు? ఎద్దుని ముక్కు పట్టుకుని తీసుకొచ్చినాయన?"

"ఎద్దు సంగతి నాకు తెలీదు. దొడ్డి కాసింది ఎజ్రా."

"ఎజ్రా పిండర్!" తాత జేబులోంచి పెన్సిల్ తీశాడు.

"ఎజ్రా థాక్రే రా. ఆ క్లిఫర్డ్ ముత్తాత. పిండర్ అన్నది ఆయన చేసే పని. పేరు థాక్రే."

"మరి మనం ఎక్కడ కాశాం అత్తా?"

ఆవిడ కేకు ముక్క తాపీగా నమిలింది. ఒళ్ళో పడిన పొడి వేలితో అద్దుకుని అదీ తింది.

"మనం కాయలేదురా. మనం లోపల ఉన్నవాళ్ళం."

తాత పెన్సిల్ మళ్ళీ జేబులో పెట్టేశాడు. ఆవిడ చెప్పుకుపోయింది. ఎవరిదో తప్పిపోయిన పెయ్యని ఎజ్రా దొడ్లో కట్టేశాడు. మర్నాడు పొద్దున గడ్డి వెయ్యడానికి వెళ్తే, పెయ్య పడుకుని ఉంది. దాని పొట్టకి ఆనించి పిండిసంచిలో చుట్టిన పసివాడున్నాడు. తల్లెవరో ఆ పెయ్య వెచ్చదనం చూసి అక్కడ పెట్టి వెళ్ళింది. పెయ్య కోసం దాని సొంతదారు వచ్చాడు. పసివాడి కోసం ఎవరూ రాలేదు.

"వాడే మా నాన్న, మీ తాత లూక్" అంది హెటీ అత్త. "ఎజ్రా పెళ్ళాం పెంచింది. చర్చిలో పేరు పెట్టేటప్పుడు థాక్రే అని పెట్టమన్నారట పాస్టరు గారు. ఎజ్రా ఒప్పుకోలేదు. 'నా పేరు పెడితే నావాడైపోతాడు. రేపు తల్లి వచ్చి అడిగితే ఏ మొహంతో ఇస్తాను? నా దొడ్లో ఉన్నది ఏదైనా పిండర్ పూచీ. పిండర్ అని పెట్టండి' అన్నాడట. ఏడాది మీద ఒక రోజు చూశాడు. అప్పుడు పిల్లాణ్ణి భుజానేసుకుని వీధి వీధి తిరిగి, 'వీడు ఇంక ఊరివాడు' అని చాటింపు వేసొచ్చాడు. అదీ మన ఇంటిపేరు."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేం అత్తా?"

"నువ్వెప్పుడు అడిగావురా? నువ్వెప్పుడూ చెప్పడానికే వస్తావు గాని."

తాత టోపీ చేతుల్లో నలుపుతూ లేచాడు. తలుపు దాకా వెళ్ళేసరికి ఆవిడే మళ్ళీ పిలిచింది.

"మా నాన్న ముసలివాడయ్యాక కూడా ఆ గోడ పక్కనుంచి పోయేటప్పుడు ఆగి లోపలికి తొంగి చూసేవాడు. ఏముంది నాన్నా అంటే, ఎవరైనా వచ్చారేమోనని అనేవాడు. అదొక్కటే ఆయన చివరిదాకా మానలేదు."

తాత ఆ రోజు బస్సులో తిరిగొస్తూ దొడ్డి వైపు చూడలేదు.

ఇంటికొచ్చి నానమ్మకి మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ కొత్త టైని వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు. బస్సు నడిపినన్నాళ్ళూ ఎంతమందికి చెప్పాడో! ఆ కథలన్నీ వేరే వాళ్ళింటి కథలు. తాళంచెవి కూడా వేరే వాళ్ళింటిదే.

నానమ్మ బంగాళాదుంపలు చెక్కడం ఆపలేదు. "పిండర్ అంటే కాసేవాడైతేనేం, దొరికినవాడైతేనేం. చొక్కాలు నేనేగా ఉతికేది."

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వులాట కాదు విల్ఫ్. ఒక పిండిసంచిలో పిల్లాడు బతికి బట్టకట్టాడు. లేకపోతే నువ్వు లేవు, ఈ పిల్లలూ లేరు, నాకు ఇన్ని చొక్కాలూ లేవు." కత్తి పక్కన పెట్టి ఆయన చెయ్యి మీద ఒకసారి తడి చెయ్యి వేసింది. "వెళ్ళు. నీ కడుపులో ఉన్నది క్లిఫర్డ్‌కి చెప్పిరా. లేకపోతే నాకు రాత్రి తిండి రుచించనివ్వవు."

క్లిఫర్డ్ అప్పుడు దొడ్డికి కొత్త తలుపు బిగిస్తున్నాడు. దురదగొండి పోయింది, గోడ బొద్దుగా గుండ్రంగా లేచింది. తాతని చూడగానే పని గొప్ప చూపించడం మొదలుపెట్టాడు.

"ఈ గడియ చూడు. మేజర్ గాడు మూతితో ఎత్తుతాడని బయటివైపే పెట్టాను. తలుపు లాగితే దానంతటదే పడుతుంది. లోపల్నుంచి దేవుడే వచ్చినా తియ్యలేడు."

"క్లిఫ్, తాళంచెవి నువ్వు తీసుకోవాల్రా."

"ఏం, పొట్టేలు కల్లోకొచ్చిందా?"

"హెటీ అత్త చెప్పింది. ఎజ్రా మీవాడు. మావాడు..." తాత గోడలో కొత్త రాయి మీద చెయ్యి పెట్టాడు.

క్లిఫర్డ్ సుత్తి కింద పెట్టాడు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మన ఇద్దరికీ నిక్కర్లున్నప్పట్నుంచి. మా నాన్న కూర్చోబెట్టి చెప్పాడు. విల్ఫ్ గాణ్ణి దేనికైనా ఏడిపించు, వాడి ముక్కుని ఏడిపించు, వాడి బుర్రని ఏడిపించు. ఆ ఒక్క సంగతి ఎత్తావో తోలు తీస్తానన్నాడు. మా తాత ఆయనకి అలాగే చెప్పాడట."

"నేను బస్సులో అన్ని కోతలు కోస్తుంటే వింటూ కూర్చున్నావా?"

"కూర్చున్నాను. ఎంత కష్టపడ్డానో నీకేం తెలుసు? పైపు కొరికి కొరికి పళ్ళరిగాయి."

తాత తల అడ్డంగా ఊపాడు. "అయినా తాళంచెవి థాక్రేలది."

"ఏడాది దాటాక అది తప్పిపోయిన గొడ్డు కాదురా, ఊరిది. అంతకంటే పాత రూలు ఇంకోటి ఈ ఊళ్ళో లేదు." క్లిఫర్డ్ మళ్ళీ సుత్తి అందుకున్నాడు. "అదీగాక నాకు నడుంనెప్పి. మేజర్ గాడు మొన్ననే నన్ను గోడకేసి కుమ్మాడు. వాణ్ణి నువ్వే పెట్టాలి. నేను బయట నిలబడి చూడాలి. నా జన్మకి ఆ ఒక్క ముచ్చటా ఉంచు."

జాతర రోజు బాకాల మేళం వచ్చింది, వానా వచ్చింది, వాన వెలిసింది. ఊరంతా దొడ్డి చుట్టూ గోడకి మోచేతులు ఆనించి నిలబడింది. హెటీ అత్తని నానమ్మ చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, ముందు వరసలో పెట్టింది. తాత టై కట్టుకున్నాడు గాని జేబులో ఉపన్యాసం లేదు. రాసిందంతా పొయ్యిలో వేశాడు.

తాళంచెవి చేతికిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. క్లిఫర్డ్ తాడు విప్పి మేజర్‌ని వదిలాడు. అది నాలుగడుగులు వేసి, దొడ్డి తలుపు చూసి, కాళ్ళు పాతేసినట్టు నిలబడింది.

తాత దాని వెనక్కి వెళ్ళాడు. "హుష్" అన్నాడు. పొట్టేలు తల తిప్పి చూసింది. తాత మళ్ళీ ముందుకొచ్చాడు.

"వాసన పట్టిందా విల్ఫ్?" అని నానమ్మ అరిచింది. జనం గొల్లున నవ్వారు.

తాత చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం తాళంచెవినీ, గోడనీ, కుర్చీలో ముందుకు వంగి వినడానికి ప్రయత్నిస్తున్న అత్తనీ చూశాడు. అప్పుడాయనకి తనకి నిజంగా తెలిసిన పని గుర్తొచ్చింది. ద్వారం దగ్గర బిగుసుకుపోయే మొండిఘటాలని రోజుకెంతమందిని లోపలికి జరపలేదు? అలాంటివాళ్ళని వెనకనుంచి నెడితే కదలరు. లోపల చోటుందని చూపించాలి. తాత తనే ముందు దొడ్లోకి నడిచాడు. అటు గోడ దాకా వెళ్ళి, జేబులోంచి అత్త కోసం తెచ్చిన అల్లం కేకు ముక్క తీసి, తన పాత గొంతుతో తాపీగా పిలిచాడు.

"లోపలికి రండి సార్, లోపల బోలెడు చోటుంది. ద్వారం దగ్గర నిలబడకండి. లోపలికి జరగాలి."

మేజర్ చెవులు ఆడించింది. కేకు వంక చూసింది. మూడువందల మందికి టిక్కెట్టు కొట్టినంత నిదానంగా లోపలికి నడిచింది. తాత దాని పక్కనుంచి గోడని రాసుకుంటూ తలుపు దగ్గరికొచ్చి, అందరూ ఎక్కాక ఇన్నేళ్ళూ ఏం చేశాడో అదే చేశాడు. తలుపు లాగి వేశాడు.

గడియ పడింది. తాత లోపలే ఉన్నాడు.

ముందు చప్పట్లు వినిపించాయి, తర్వాత ఒక్కొక్కరే విషయం గ్రహించారు. చప్పట్లు కాస్తా నవ్వులయ్యాయి. మేళంలో పెద్ద బాకా ఊదేవాడు ఊదలేక కింద కూర్చున్నాడు. మేజర్ కేకు ముగించి, ఇంకా ఏముందోనని తాత జేబులో మూతి పెట్టింది.

"క్లిఫ్! తియ్యరా!"

క్లిఫర్డ్ మెల్లగా పైపు ముట్టించాడు. "ఎలా తియ్యను? దొడ్లో పడ్డ గొడ్డుని సొంతదారు వచ్చి అడిగితేనే వదలాలి. బస్సులో నువ్వేగా చెప్పేవాడివి. ఏమర్రా, ఇది ఎవరిది?"

"నాది కాదు" అంది నానమ్మ ఠక్కున. "నేనిలాంటిదాన్ని ఎప్పుడూ చూళ్ళేదు."

"మేవిస్!"

"నా దాని దగ్గర ఎప్పుడూ భయం వాసన రాదు."

జనం మళ్ళీ నవ్వుతున్నారు. తాత కూడా నవ్వడానికి చూశాడు. కాని ఆ గుండ్రటి గోడ మధ్య నిలబడి, పైనున్న మొహాలన్నీ చూస్తుంటే నవ్వు పూర్తిగా రాలేదు. ఇక్కడే ఎక్కడో గడ్డి మీద ఒక సంచి ఉండేది. చేత్తో టోపీ తీసి పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలీదు. అది చూసి నానమ్మ నవ్వు ఆపి, ఏదో అనడానికి అడుగు ముందుకేసింది.

అంతలో చక్రాల కుర్చీలోంచి గొంతు లేచింది.

"అది మాది."

అందరూ తిరిగి చూశారు. హెటీ అత్త దుప్పటి కిందకి జారిపోతున్నా పట్టించుకోకుండా చెయ్యి ఎత్తింది.

"లూక్ పిండర్ మనవడు. మాది. వచ్చాను, అడుగుతున్నాను. తలుపు తియ్యి."

క్లిఫర్డ్ పైపు నోట్లోంచి తీశాడు. ఎగతాళి గొంతు ఎక్కడికో పోయింది. "గుర్తు చెప్పాలమ్మా, హెటీ పిన్నీ. ఆచారం."

"ఎడమ చెవికి గాటు. అయిదేళ్ళ పిల్లాడికి మా నాన్న గొర్రెల కత్తెరతో జుట్టు కత్తిరిస్తుంటే వీడు కుదురుగా కూర్చోలేదు. గాటు పడింది. వీడికంటే మా నాన్నే ఎక్కువ ఏడ్చాడు. ఇంక చాలా, వీపు మీద పుట్టుమచ్చ కూడా చెప్పాలా?"

"యుద్ధంలో తగిలిందన్నాడే!" అని ఎవరో గోడ మీంచి కేకేశారు.

"ఏ యుద్ధంరా? వంటింటి బల్ల మీద జరిగిందా?"

ఈసారి నవ్వు ఎంత పెద్దదంటే మేజర్ బెదిరి తాత వెనక నక్కింది. క్లిఫర్డ్ మాత్రం నవ్వలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, గడియ ఎత్తి, తలుపు బార్లా తెరిచాడు.

"గుర్తులు సరిపోయాయి. తీసుకెళ్ళండి పిన్నీ."

తాత బయటికొచ్చి అత్త కుర్చీ ముందు వంగాడు. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వెళ్ళి ఆ చెవి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"సరే, నడు. ఎవరూ తాగకపోతే జాతర వాళ్ళు కాచిన టీ చల్లారిపోతుంది" అంది చివరికి. తాత కుర్చీ తోసుకుంటూ వెళ్ళాడు. నానమ్మ ఆయన జేబులోంచి జారబోతున్న తాళంచెవిని లోపలికి నెట్టి, టై సర్ది, పక్కన నడిచింది.

ఆ తర్వాత కూడా తాత స్కిప్టన్ బస్సెక్కేవాడు, ఇప్పుడు డ్రైవరు వెనక మొదటి సీట్లో. కొత్త డ్రైవరు అలవాటుపడిపోయి పొలిమేర దగ్గర తనే నెమ్మదించేవాడు. ఒకసారి పై ఊరి నుంచి వచ్చిన ఒకావిడ, "మీ పెద్దలు దీన్ని కాసేవారా?" అని అడిగింది.

"లేదమ్మా. మా తాత అందులో దొరికాడు. పిండిసంచిలో. కాసినవాళ్ళు థాక్రేలు, చాలా మంచివాళ్ళు, కాస్త నోటి దురుసు." కిటికీలోంచి మెడ చాచి, గోడ దాటేదాకా లోపలికి చూశాడు. "ఏడాది మీద ఒక రోజు ఆగి మమ్మల్ని ఊరే తీసుకుంది."

"అయ్యో పాపం. మరి మీ చెవికి ఏమైంది?"

"అదా?" అన్నాడు తాత, కాలరు సర్దుకుంటూ. "యుద్ధంలో."